స్టీకు మీద పన్ను

పెళ్లిచూపులకు వేరేవాళ్ల బూట్లు తొడుక్కుని పోయినవాడు జనగామ మొత్తంలో ఆమెర్ ఒక్కడే అయి ఉంటాడు.

తప్పు అతనిది కాదు, వానది. జనగామలో బయల్దేరింది మొదలు భూపాలపల్లి దాకా కారు వెంటే వచ్చింది వాన. రిసార్టు గేటు దగ్గర అతను దిగీ దిగగానే బురద ఒక చెప్పును మింగేసింది. వెతికితే దొరకలేదు. అడవి మధ్యలో, చెరువు ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టు అది. అందులోని స్టీక్‌హౌస్‌లోకి మగవాళ్లు బూట్లు లేకుండా పోకూడదట. గుమ్మంలో నిలబడ్డ వెయిటర్ ఆమెర్ ఒంటి చెప్పు వంక జాలిగా చూసి, లోపలికెళ్లి సెక్యూరిటీ గార్డు బూట్లు తెచ్చిచ్చాడు.

"జర పెద్దగైతయి సార్. నిమ్మలంగ నడువుండ్రి."

ఆ వెయిటర్ పేరు జైసింగ్, ఊరు గార్ల. ట్రైనింగులో నేర్పిన నవ్వు ముఖం మీద అతికించినట్టున్నా, మాట మాత్రం గార్లదే.

ఆమెర్ టప్ టప్‌మని బాతులా నడుచుకుంటూ లోపలికి పోయాడు. చెరువు వైపు అద్దం పక్కన కూర్చున్న అమ్మాయి ముందు బూట్లను చూసింది. తర్వాత మెల్లగా కళ్లు పైకెత్తింది.

"మీరు ఆమెరా? సెక్యూరిటీనా?"

"పైన ఆమెర్, కింద సెక్యూరిటీ."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఆ ఆపుకున్న నవ్వు దగ్గరే ఆమెర్ పని అయిపోయింది. నిజానికి సగం పని ఆమె ఫోటో చూసిన రోజే అయింది. ఆ రోజు దుకాణంలో ఒక లీడర్ ఫ్లెక్సీ మీద 'జన్మదిన శుభాకాంక్షలు' బదులు 'జన్మదీన శుభాకాంక్షలు' అని కొట్టి, ఆ లీడర్ మనుషులతో తిట్లు తిన్నాడు. జనగామలో తండ్రి పెట్టిన ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణాన్ని ఇప్పుడు అతనే నడుపుతున్నాడు.

అమ్మాయి కహ్కషాన్. మానుకోటలో పళ్ల డాక్టరు. స్టేషన్ దగ్గర చిన్న క్లినిక్, సొంతంగా పెట్టుకుంది. పెళ్లిచూపులకు ఈ చోటు ఎంచుకున్నది కూడా ఆమే. ఇంటికొచ్చే సంబంధాలవాళ్లతో ఆమెకు విసుగొచ్చేసింది. వచ్చినవాళ్లు చాయ్ తాగి, జీడిపప్పు తిని, పోయేముందు "ఈ దవడ పన్ను జర చూస్తవా బిడ్డా" అని నోరు తెరిచి చూపించుకుని మరీ పోయేవారు. తర్వాత ఫోను వచ్చేది. అమ్మాయి బంగారం, కానీ పెళ్లయ్యాక క్లినిక్ ఎందుకు?

ఆమె వెంట వచ్చిన అమ్మమ్మ హాజిరా బీ, అతని వెంట వచ్చిన తండ్రి గులాం రసూల్ బయట లాబీలో సోఫాల్లో కూర్చున్నారు. పిల్లలు మాట్లాడుకునేదాకా లోపలికి రాకూడదని కహ్కషాన్ షరతు. వాళ్ల ముందు గోడంత టీవీ ఉంది. అందులో ఆ స్టీక్‌హౌస్ పెట్టిన సెలబ్రిటీ షెఫ్ లాజ్‌మాన్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ "ఫెంటా-స్టీక్!" అంటున్నాడు. ఆ మాట దేశమంతా ఫేమస్. ఏ దేశం మనిషో ఎవరికీ తెలియదు. ఫ్రాన్స్ అని కొందరు, లెబనాన్ అని కొందరు.

ఆమెర్ కూర్చుని, ఇంట్లో కంఠతా పట్టిన పొడుగాటి ఉర్దూ వాక్యం ఒకటి మొదలుపెట్టాడు. కహ్కషాన్ చెయ్యెత్తి ఆపింది.

"తెలుగుల మాట్లాడుకుందామా? ఉర్దూల మాట్లాడితె మా నానీ ముంగట కూసున్నట్టుంటది."

"బతికిచ్చిన్రు."

"ఫ్లెక్సీలు కొడుతరంట గదా. నా పేరు రాయగలరా? మా పేషెంట్లు కాషన్ డాక్టర్ అంటరు. ఒకాయన కాశీ మేడం అంటడు."

ఆమెర్ వేలితో టేబుల్ గుడ్డ మీద రాశాడు. "హ కింద క వత్తు. చానమంది క కింద హ పెడుతరు. ఫోటో ఎనక పేరు చూసినప్పుడే నేర్చుకున్న."

కహ్కషాన్ ఆ కనిపించని అక్షరాల వంకే చూసింది కాసేపు. బయట వాన చెరువు మీద చిటపటలాడుతోంది.

జైసింగ్ వచ్చి నోట్లో మాట నలిగిపోయేంత ఇంగ్లీషులో మెనూ వర్ణించాడు. ఇద్దరికీ పొట్టేలు స్టీక్ చెప్పారు. లాబీలోంచి హాజిరా బీ అప్పటికే మనిషిని పంపి హలాలా కాదా అని కనుక్కుంది. ఆర్డరిచ్చి చాలాసేపయినా ప్లేటు రాలేదు.

"ఏమైంది అన్నా?" అని అడిగాడు ఆమెర్.

"స్టీక్ రెస్ట్ తీసుకుంటుంది సార్."

"రెస్టా? ఏం పని జేసిందని?"

"వేడి మీది నుంచి దించినంక కొంచెంసేపు దాన్ని ఎవ్వలు డిస్టర్బ్ చేయొద్దు సార్. షెఫ్ ఆర్డర్."

కహ్కషాన్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. "మా క్లినిక్‌ల నాకు లేదు గసొంటి సౌలతు," అంది. ఆ మాటతోనే ఆమె ముఖం సీరియస్ అయింది.

రెస్టు తీసుకుని లేచిన స్టీకులు వచ్చాయి. కరిగిన వెన్న వాటి మీద ఇంకా చిటచిటమంటోంది. ఆమెర్ కత్తితో ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఆమెర్ గారూ, ఒక్కటే అడుగుత. చుట్టూ తిప్పి చెప్పకుండ్రి," అంది కహ్కషాన్. "ఇది కుదరకపోతె నానీ హైదరాబాద్ సంబంధం ఖాయం చేస్తనంటుంది. వాళ్లకు పెద్ద దవాఖాన ఉంది, కని అండ్ల నాకు కుర్చీ లేదు. నేను ఇంట్ల కూసోవాల్నంట. మీరు చెప్పుండ్రి. పెళ్లయినంక నా క్లినిక్ ఏం జేయాలె?"

ఆమెర్ దగ్గర జవాబు ఉంది. నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే పళ్ల కింద ఏదో 'కటుక్' అంది.

గట్టిగా ఉంది. నున్నగా ఉంది. నాలుకతో తడిమి చూస్తే దానికి ఒక అంచు, ఒక వంపు, వెనక చిన్న గుంట. పన్ను!

ఆమెర్‌కు చెమటలు పట్టాయి. పళ్ల డాక్టరు ముందు, పెళ్లిచూపుల్లో, మెత్తటి మాంసం కొరికి పన్ను ఊడగొట్టుకున్నాడు! ఏ పన్నో కూడా తెలియడం లేదు. నోరు తెరిస్తే కనిపిస్తుంది. పెదాలు బిగించి కూర్చున్నాడు.

"చెప్పుండ్రి," అంది కహ్కషాన్.

"మ్మ్."

"మ్మ్ అంటె? మూసేయాల్నా, ఉంచాల్నా?"

ఆమెర్ తల అడ్డంగా ఊపాడు, మళ్లీ నిలువుగా ఊపాడు. నాప్కిన్ అడ్డం పెట్టుకుని ఆ వస్తువును పిడికిట్లోకి తీసుకున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

"మీరు గూడ గంతేనా?" ఆమె గొంతు తగ్గింది. "పేరు సక్కగ రాసిండ్రు, మనిషి వేరేమో అనుకున్న." బ్యాగు భుజానికేసుకుని లేచింది.

పరువా, పిల్లా? ఆమెర్‌కు ఆలోచించేంత టైము లేదు. ఒక చేయి మూతికి అడ్డం పెట్టుకుని, రెండో చేయి ఆమె ముందు చాపి పిడికిలి విప్పాడు.

"పన్ను," అన్నాడు మూతి లోపల్నుంచి.

దూరంగా నిలబడ్డ జైసింగ్ చటుక్కున వచ్చాడు. "పన్నులన్నీ బిల్లుల కలిపే ఉంటయి సార్. పరేషాన్ కావొద్దు."

"గా పన్ను కాదన్నా. స్టీకుల పన్ను!"

"అదే సార్, స్టీకు మీద పన్ను..." అంటూ చేతిలోకి తొంగి చూసి జైసింగ్ నోరు మూసుకున్నాడు.

కహ్కషాన్ కూర్చుంది. మామూలు అమ్మాయి పోయి డాక్టరు వచ్చి కూర్చున్నట్టుంది. ఫోన్ టార్చి వెలిగించింది. "నోరు తెరువుండ్రి."

"ఇక్కడనా?"

"ఆఁ అనుండ్రి."

ఆ ఖరీదైన హాల్లో, కొవ్వొత్తుల వెలుగులో, ఆమెర్ "ఆఁ" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు ఫోర్కులు గాల్లోనే ఆపేశారు. ఆమె రెండు స్పూన్ల వెనక భాగాలతో అతని బుగ్గలు పక్కకు నెట్టి అటూ ఇటూ వంగి చూసింది. అంత దగ్గరగా ఆమె కళ్లు చూసి ఆమెర్ నొప్పి లేకపోయినా మూలిగాడు.

"అన్ని పండ్లు ఉన్నయి మీకు," అంది తేల్చేసి. "ఇది మీది కాదు. ఇది పన్ను గూడ కాదు, ముందటి పన్నుకు తొడిగే క్యాప్. ఎవలిదో ఊడి స్టీకుల పడ్డది."

మాట అర్థమయ్యేసరికి ఆమెర్ స్టీకు ప్లేటును దూరంగా నెట్టేశాడు. జైసింగ్ పరుగెత్తి వేడినీళ్లూ, కట్టె గిన్నెలో గులాబీ రంగు హిమాలయా ఉప్పూ తెచ్చాడు. ఆమెర్ పూలకుండీ చాటుకు పోయి పుక్కిలించి వచ్చాడు. వచ్చి ఆ క్యాపును వెలుతురుకు పట్టి తదేకంగా చూశాడు.

"గీ పన్ను నాకు తెలుసు."

"పన్ను తెలుసుడేంది?" అంది కహ్కషాన్.

"వరంగల్ దిక్కుకెల్లి వస్తుంటె రోడ్డు పొడుగున షెఫ్ లాజ్‌మాన్ ఫ్లెక్సీలు లెవ్వా? అన్ని నేనే కొట్టిన. నవ్వు ఒక్కటే లారీ అంత. గీ పన్ను తలుపంత ఉంటది. మూలకు గీ చిన్న సొట్ట తీసెయ్యాల్నా ఉంచాల్నా అని పొద్దంత చూసుకుంట కూసున్న."

ఇద్దరూ జైసింగ్ వంక చూశారు. జైసింగ్ వంటగది వైపు ఒకసారి చూశాడు. ఆఖరికి గొంతు తగ్గించి చెప్పాడు. "షెఫ్ కోల్డ్‌రూముల తలుపు పెట్టుకున్నడు మేడం. ఇందాక వీడియో తీస్తుంటె ఒక ముక్క కొరికి చూపిచ్చిండు. అప్పుడే ఊడి వెన్న గిన్నెల పడ్డట్టుంది. ఇంకొంచెంసేపట్ల టీవీల లైవ్ ఉంది. బయటికి రమ్మంటె వస్తలేడు."

కోల్డ్‌రూము తలుపు ముందు వంటవాళ్లంతా గుంపుగా నిలబడి ఉన్నారు. కహ్కషాన్ వాళ్లను తోసుకుని తలుపు తట్టింది.

"లాజ్‌మాన్ గారూ, డాక్టర్‌ను. మీ పన్ను దొరికింది. తియ్యుండ్రి."

లోపల్నుంచి గొంతు వినబడింది. ఫ్రాన్సు లేదు అందులో, లెబనానూ లేదు.

"దొరికిందా? నీ కాళ్లు మొక్కుత అవ్వా, ఎవ్వలకు చూపియ్యకు! నా ఇజ్జత్ పోతది!"

తలుపు తెరుచుకుంది. వేలాడుతున్న మాంసం మధ్య, తెల్లటి టోపీ చెవుల దాకా లాక్కుని, వణుకుతూ నిలబడ్డాడు దేశమంతా ఎరిగిన షెఫ్. ముందు పళ్ల మధ్య కిటికీ తెరిచినట్టు ఖాళీ.

"మీది ఏ ఊరు?" అన్నాడు ఆమెర్ నోరెళ్లబెట్టి.

"జఫర్‌గఢ్. పేరు లఫ్మయ్య," అన్నాడు షెఫ్. లస్మయ్య అనబోతే పళ్ల సందులోంచి గాలి పోయింది. "బొంబైల గా పేరుకు ఎవ్వలు పని ఇయ్యలే. లాజ్‌మాన్ అని పెట్టుకున్న. పన్ను లేకుంటె లాజ్‌మాన్ మాటతీరు నోట్లెకు రాదు తమ్మీ. ఫ్టీకు అంటున్న!"

కహ్కషాన్ అతన్ని బియ్యం బస్తా మీద కూర్చోబెట్టింది. క్యాపును కడిగి, ఆరబెట్టి, జైసింగ్‌తో గెస్టు రూములో పెట్టే చిన్న టూత్‌పేస్టు తెప్పించింది. ఆమెర్ టార్చి పట్టుకున్నాడు. ఆమె చేతులు ఎంత నిదానంగా పనిచేస్తున్నాయంటే, వణుకుతున్న షెఫ్ కూడా కాసేపటికి ఊరుకున్నాడు. టార్చి వెలుగు మాత్రం షెఫ్ నోట్లోంచి ఆమె ముఖం మీదికి జారింది.

"లైటు నోట్లె పెట్టుండ్రి. నా ముఖం మీద కాదు," అంది తల తిప్పకుండానే.

ఆమెర్ సిగ్గుపడి టార్చి సరిచేశాడు.

"పేస్టుతోటి తాత్కాలికంగ నిలబడుతది, అంతే," అంది చేతులు తుడుచుకుంటూ. "రేపే మీ డాక్టర్ దగ్గరికి పోయి గట్టిగ పెట్టిచ్చుకోండ్రి. అప్పటిదాక కొరకొద్దు, పండ్లు కనబడేటట్టు నవ్వొద్దు. గా ఫెంటా-స్టీక్ అనే మాట అసలే వద్దు. అంటె పన్ను పోయి కెమెరా మీద పడుతది."

షెఫ్ ముఖం మళ్లీ పాలిపోయింది. "లైవుల స్టీకు కొరికి గా మాటే అనాలె గదా బిడ్డా! నేను కొరకకుంటె ఎవలు కొరుకుతరు?"

కహ్కషాన్ మెల్లగా ఆమెర్ వైపు తిరిగింది.

"ఈయన పండ్లు నేను ఇప్పుడే చూసిన. గట్టిగున్నయి."

ఆ విధంగా ఆమెర్ సెక్యూరిటీ బూట్లతో లైట్ల మధ్యకు పోయి నిలబడ్డాడు. పక్కన షెఫ్ మూతి ముడుచుకుని, చేతులు కట్టుకుని, పెద్ద తత్వవేత్తలా తల ఊపుతున్నాడు. యాంకరమ్మ మైకు పట్టుకుని, షెఫ్ గారు ఈరోజు మౌనంగా తమ కళను మనకు అందిస్తున్నారని గడగడా చెప్పేసి, ఆమెర్‌కు ప్లేటు చూపించింది. ఆమెర్ ముక్కను అటూ ఇటూ తిప్పి, అనుమానంగా చూసి, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఏమీ కటుక్‌మనలేదు.

"ఎలా ఉంది సార్ టేస్ట్? ఒక్క మాటలో!"

ఆమెర్ కెమెరాల వెనక చూశాడు. అక్కడ గోడకు ఆనుకుని కహ్కషాన్ నిలబడి ఉంది. బ్యాగు భుజానికి ఉంది. ఆమె అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

"టేస్టు సంగతి నాకు తెల్వది మేడం," అన్నాడు. "ఇందాక నన్ను ఒకామె ఒక మాట అడిగింది. అప్పుడు నా నోట్లె వేరే..." షెఫ్ గట్టిగా దగ్గాడు. "...వేరే పని పడి జవాబు చెప్పలేకపోయిన. ఇప్పుడు చెప్తున్న. ఆమె క్లినిక్ మూసుడు అక్కరలేదు. నేనే మానుకోటకు వస్త. ఫ్లెక్సీ మిషన్‌కు ఊరుతోటి పని లేదు, కరెంటుంటె సాలు. ఆమె ఒప్పుకుంటె క్లినిక్ బోర్డు నేనే కొడుత. పేరు తప్పు పోనియ్య."

హాలంతా చప్పట్లు కొట్టింది. షెఫ్ ఆనందం పట్టలేక "ఫెం..." అనబోయి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

లాబీలో గోడంత టీవీ ముందు గులాం రసూల్ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"మిషన్ నాది!" అని టీవీ మీద అరిచాడు. "మిషన్ నా పేరు మీద ఉందిరా! మానుకోటకు ఎట్ల తీస్కపోతవ్?"

"కూసో భాయిజాన్," అంది హాజిరా బీ. "టీవీకి చెవులుండయ్."

"నవ్వులాట కాదు ఆపా. దుకాణం పెట్టి ఇంత జేసిన. ఇయ్యాల బూట్లు లేక, ఊరు లేక..."

"నా మనవరాలిని ఇంతవరకు ఎవ్వలు 'మేం వస్తం' అనలే. అందరు 'నువ్వు రా, అన్ని మూసి రా' అన్నోళ్లే." హాజిరా బీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నీ కొడుకు మంచోడు. నువ్వు చెడగొట్టకు."

గులాం రసూల్ ఏదో అనబోయి బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. ఇందాకటి నుంచి ఆయన ముందున్న బాదం బిస్కెట్లు అలాగే ఉన్నాయి. సూప్ మాత్రమే తాగాడు.

"ఏంది, పన్నా?" అంది హాజిరా బీ.

"ఎన్నటి సందో కదులుతుంది ఆపా. పీకుతరని భయానికి ఎవ్వలకు చెప్పలే."

"ఇంట్లకే డాక్టర్ వస్తదంటె మిషన్ మిషన్ అంటవేంది మరి?"

ఆయన బాదం బిస్కెట్ల ప్లేటును ఆమె వైపు జరిపాడు.

లైట్లు ఆరిపోయాక ఆమెర్ టప్ టప్‌మంటూ కహ్కషాన్ దగ్గరికి వచ్చాడు. గుండె బూట్ల కన్నా గట్టిగా కొట్టుకుంటోంది.

"మీరేమంటరు?"

ఆమె అతని ముఖం చూసింది, చెరువు మీది వాన చూసింది, మళ్లీ అతన్ని చూసింది.

"మీ కుడి దిక్కు కింది దవడల ఒక పన్ను పుచ్చింది. సోమవారం క్లినిక్‌కు రాండ్రి," అని చెప్పి నానీ దగ్గరికి వెళ్లిపోయింది.

జనగామ చేరేదాకా కారులో తండ్రీకొడుకులు అదే చర్చ. "అది జవాబా, అపాయింట్‌మెంటా?" అంటాడు గులాం రసూల్. "తెల్వదు అబ్బా," అంటాడు ఆమెర్. "నీకు పుచ్చింది నిజమేనా?" అంటాడు ఆయన. "నొప్పయితె లేదు. కని నొప్పి లేదని చెప్పి పోకుండ ఉంటనా?" అంటాడు ఇతను.

సోమవారం క్లినిక్ కిటకిటలాడుతోంది. గార్ల నుంచి, పెద్దవంగర నుంచి వచ్చిన పేషెంట్ల మధ్య బెంచీ మీద గులాం రసూల్ బుగ్గ పట్టుకుని, పక్కనే హాజిరా బీ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నారు. లోపల ఆమెర్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పన్ను నిజంగానే పుచ్చింది. కహ్కషాన్ మత్తు సూది ఇచ్చింది. సగం ముఖం మొద్దుబారింది. నోరు మూతపడకుండా లోపల రబ్బరు ముక్క ఒకటి పెట్టింది.

"ఇప్పుడు నేను చెప్తా, మీరు వినుండ్రి," అంది మాస్కు కిందికి లాగి. "నేను మాట మొదలుపెడితె చాలు, ఎవరో ఒకరు అందుకొని సలహా చెప్తరు. ఇట్లయితె మీరు ఏం చెప్పలేరు."

"ఆ," అన్నాడు ఆమెర్.

"టీవీల మీరన్నది మంచిగుంది. కని ఊరంత చూస్తుంటె జవాబు చెప్పుడు నాకు రాదు. నాకు మీరు ఎప్పుడు నచ్చిండ్రో తెలుసా? టీవీల కాదు. పన్ను పిడికిట్ల పట్టుకొని, నేను లేచి పోతుంటె, పరువు పోయినా మంచిదే అని చెయ్యి చాపిండ్రు చూడు, అప్పుడు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని పరికరాన్ని ట్రేలో పెట్టి మళ్లీ తీసింది. "నా ముంగట నోరు అందరు తెరుస్తరు. గుండె తెరిచినోళ్లు ఎవ్వలు లేకుండిరి. నాకు ఇష్టమే. చేస్కుందాం."

ఆమెర్ లేచి కూర్చోబోయాడు. "ఆఁ... ఆ ఆఁ..."

"నొప్పా?"

కాదని తల ఊపాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"మాట్లాడకుండ్రి. మీకు గూడ ఇష్టమైతె చెయ్యి లేపుండ్రి."

ఆమెర్ రెండు చేతులూ లేపాడు. పైన వేలాడుతున్న లైటుకు తగిలి అది గిర్రున తిరిగి, తలుపు సందులోంచి బెంచీ మీదివాళ్ల ముఖాల మీద పడింది.

"రెండు లేపిండు భాయిజాన్! నేను చూసిన!" అంది హాజిరా బీ బయట్నుంచి. పేషెంట్లంతా విషయం తెలియకపోయినా సంతోషపడ్డారు.

"ముబారక్," అన్నాడు గులాం రసూల్ బుగ్గ పట్టుకునే. "తర్వాత నంబర్ నాదేనా?"

కహ్కషాన్ మాస్కు పైకి లాక్కుంది. మాస్కు పైన కళ్లు నవ్వుతున్నాయి.

"చేతులు దించుండ్రి. ఇంక సగం పని ఉంది."

ఆమెర్ దించలేదు.